పూణెలో ఉన్న అమ్మాయికి

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవి సుజాతకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. వానలు తగ్గాయి, మహేంద్రతనయలో నీళ్లు తేటబడ్డాయి. అమ్మ భుజం నొప్పి చాలావరకు నెమ్మదించింది. బూడిద గుమ్మడి పాదు గోడ దాటి పక్కింటి కప్పెక్కింది, కాయలు వాళ్లనే కోసుకోమన్నాం. కిందటివారం బాబి పాతపట్నం నుంచి వచ్చాడు. నువ్వు డిసెంబరులో 200 కిలోమీటర్ల సైకిలు రైడుకు పేరిచ్చావనీ, ఆలోగా మోకాలి నొప్పికి ఇంజెక్షన్ వేయించుకుంటావనీ మాటల్లో అన్నాడు. వాడికి సగం విని మొత్తం చెప్పే అలవాటు ఉంది, అందుకే ఆ మాట అక్కడే వదిలేశాను. అమ్మకు చెప్పలేదు. నీ గొంతు విని మాత్రం చాలా రోజులైంది.

దుకాణంలో పని బాగానే ఉంది. బడి పిల్లల సైకిళ్లే ఎక్కువ. ఏ సైకిలు సీటు సరిచేస్తున్నా నీ సీటే గుర్తొస్తోంది. వేసవిలో నువ్వు పంపిన ఫొటోలో పెడలు అడుగుకు వచ్చినా నీ మోకాలు బాగా వంగే ఉంది. నొప్పి చిప్ప కింద వస్తోందా? మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు పొడుస్తోందా? అలాగైతే చిప్పను కాలి ఎముకకు పట్టి ఉంచే టెండన్ మీద భారం ఎక్కువైందేమో. సీటు పల్లంగా ఉన్నా, బరువు గేరులో తొక్కినా దెబ్బంతా అక్కడే పడుతుంది. మడమను పెడలు మీద పెట్టి అడుగుకు తెస్తే కాలు నిటారుగా చాపుకోవాలి. తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అంతే ఉండాలి. అర సెంటీమీటరు చొప్పున లేపు. మరీ ఎత్తయితే నడుము ఊగుతుంది, మోకాలి వెనుక పట్టేస్తుంది.

మీ సూరి మామయ్య కథ నీకు సగమే తెలుసు. 2004లో నౌపడ-గుణుపురం చిన్న రైలు ఆగిపోయాక, 2011లో పెద్ద లైను మీద రైలు వచ్చేదాకా బట్టల మూటలన్నీ సైకిలు మీదే కాశీనగరం సంతకు తీసుకెళ్లేవాడు. వెనుక అంత బరువు ఉంటుంది కదా, ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటు పూర్తిగా దించేసుకున్నాడు. రెండో ఏడు చిప్ప కింద నొప్పి పట్టుకుంది. వానాకాలమంతా మంచం మీదే ఉన్నాడు, నొప్పి పోయింది. దసరా బేరం పోతుందని అదే సీటుతో, అవే మూటలతో బయలుదేరి, సగం దారిలో దిగి సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడు. పడుకున్నన్నాళ్లూ తొడ కండ కరిగింది, టెండన్‌కు బలం రాలేదు, మోయవలసిన బరువు మాత్రం అలాగే ఉంది. అప్పుడు ఎవరో ఇంజెక్షన్ పొడిచారు. మర్నాటికి లేచి తిరిగాడు. కార్తీకం ముగిసేసరికి మునుపటికంటే ఎక్కువ నొప్పితో కూలబడ్డాడు. చివరికి సైకిలు నా దగ్గరికి తెచ్చాడు. సీటు రాడ్డు తుప్పు పట్టి ఫ్రేములో బిగుసుకుపోయింది. రాత్రి కిరోసిన్ పోసి ఉంచాను. పొద్దున్నే సుత్తితో తడుతూ సీటును అటూ ఇటూ తిప్పితే కిరకిరమంటూ పైకొచ్చింది. రాడ్డు నిండా ఎర్రటి పొడి. గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు రాసి, వారానికి ఇంతని లేపుతూ వచ్చాను. ఒక్క మూటే వేసుకుని ఊరి చివరిదాకా వెళ్లి రమ్మన్నాను. కోపగించుకున్నాడు కానీ విన్నాడు. ఉగాదికి మళ్లీ సంతకు వెళ్లాడు.

బుధవారం అమ్మ భుజం చూపించడానికి బరంపురం వెళ్లాం. అమ్మ మందులు తేవడానికి వెళ్లిన సమయం చూసి ఫిజియోథెరపిస్టును నీ సంగతి అడిగాను. నొప్పి పెంచే పని తగ్గించాలి కానీ కాలిని పూర్తిగా కదలనివ్వకపోతే లాభం లేదంది. మొదట గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు 45 సెకన్లు నిలవాలి, మధ్యలో ఆగుతూ ఐదుసార్లు. అది ఓర్చుకున్నాక నెమ్మదిగా కూర్చుని లేవడం, ఆపైన చేతిలో బరువుతో. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదట. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు నిన్నటికంటే ఎక్కువైతే మోతాదు తగ్గించాలి. టెండన్‌కు రక్తం తక్కువ అందుతుంది, కండలా తొందరగా కోలుకోదు. మూడు నెలలైనా పట్టవచ్చు, ఇంకా ఎక్కువా పట్టవచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని అణచినా టెండన్‌ను బలహీనపరచవచ్చు, తెగే ప్రమాదం కూడా ఉందని మరీ మరీ చెప్పింది. ఆ రైడు 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలట కదా. నొప్పి తెలియని మోకాలితో అన్ని గంటలు తొక్కితే ఏమవుతుందో నువ్వే ఆలోచించు తల్లీ.

సైకిలు మానెయ్యమని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. చదును దారిలో, తేలిక గేరులో, పెడలు నిమిషానికి 80, 90 చుట్లు తిరిగేలా కొంచెం కొంచెం తొక్కు. సింహగఢ్ ఘాటు మాత్రం ఎక్కకు. ఆఫీసులో గంటలకొద్దీ మోకాలు ముడిచి కూర్చోకు. రాత్రి పెరుగన్నం మానెయ్యకు. నీ ముఖం వాడిపోయిందని బాబి అన్నాడు, అది విన్నప్పటి నుంచి అమ్మ కుదురుగా లేదు. బరంపురం అప్పడాలు, ఉసిరికాయ పచ్చడి పంపాం. పచ్చడి సీసాను కవర్లో చుట్టాను, తెరిచేటప్పుడు జాగ్రత్త, నూనె కారుతుంది.

అదే పొట్లంలో కొలత టేపు ఉంది. పెడలు అడుగున ఉన్నప్పుడు దాని ఇరుసు నుంచి సీటు పైదాకా ఎంతుందో కొలిచి చెప్పు. ఇంజెక్షన్‌కు రోజు ఖాయం చేసి ఉంటే అదీ చెప్పు, ఆ డాక్టరుతో నేను మాట్లాడతాను. మధ్యాహ్నం రెండు దాటాక దుకాణంలో ఒక్కడినే ఉంటాను, అప్పుడు ఫోను చెయ్యి.

మీ నాన్న