1847: క్విజ్ పిల్లల కోసం

అన్నలూ, అక్కలూ, ఆదివారం మన కర్నూలు క్విజ్‌కు చీటీలో వచ్చిన సంవత్సరం 1847. మావాడు నోట్సులో 1857 అని రాసుకొచ్చాడు, మీ పిల్లలవి కూడా ఒకసారి చూడండి.

ముఖ్యమైనది మనదే. ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం ముందే ఉరితీశారు. తలను కోటకు వేలాడదీశారు. 1877 దాకా అట్లే ఉందంటారు. ముప్పై ఏళ్లు! ఆ దోవన పోయేవాళ్లు తలెత్తి చూసేవాళ్లో, దించుకొని పోయేవాళ్లో.

అంతకు 11 రోజుల ముందు ఎడిసన్, 9 రోజుల తర్వాత గ్రాహంబెల్ పుట్టారు. ఈ లెక్క తప్పకుండా అడుగుతారు. అక్టోబర్ 1న లండన్‌లో అనీబిసెంట్. మదనపల్లె కాలేజీ గుర్తుందిగా, ఆమెదే. నవంబరులో సంగీతకారుడు మెండెల్సన్ పోయాడు.

పెన్నులు మర్చిపోకండి.