మా డీటీపీ షాపు కంప్యూటర్‌ను నిలబెట్టిన తమ్ముడికి కృతజ్ఞతలు

ముందుగా ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్న మా తమ్ముడికి చేతులెత్తి నమస్కారం. సొంత తమ్ముడు కాదు. ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటు తీయించుకోవడానికి మా షాపుకు వచ్చే పిల్లవాడు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పాడు కాబట్టి రాయడం లేదు. తను చేసిన పని మాత్రం వివరంగా రాస్తాను. మాలాంటి చిన్న డీటీపీ షాపులు తిరుపతిలో చాలా ఉన్నాయి, వాళ్లకూ పనికొస్తుంది.

బైరాగిపట్టెడలో మాది పాత షాపు. పెళ్లిపత్రికలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. సరిగ్గా శ్రావణ మాసం ముహూర్తాల పని మీద ఉన్నప్పుడే కంప్యూటర్ మొరాయించింది. ఫైలు సేవ్ చేయబోతే తెర బిగుసుకుపోయేది. క్యాబినెట్ లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. ఒక సర్వీసు సెంటర్లో చూపిస్తే కొత్త హార్డ్ డిస్కు వేసి, ఫార్మాట్ కొట్టి, అంటే పాతవేవీ లేకుండా ఖాళీగా మొదలుపెట్టి, విండోస్ ఎక్కించడం తప్ప వేరే దారి లేదన్నారు.

బయటివాళ్లకు అది చిన్న మాటే. డీటీపీ చేసేవాళ్లకు గుండె జారిపోతుంది. మేం ఇంకా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 అనే పాత ప్రోగ్రాం మీదే పని చేస్తున్నాం. 2001లో వచ్చింది అది, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. తెలుగు కొట్టేది అను ఫాంట్లలో. అవి యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనిపించే రకం కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో మా ఫైలు తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు, పాత ప్రింటరు డ్రైవరు, ఏళ్ల తరబడి చేసి పెట్టుకున్న కార్డుల నమూనాలు, ఇవన్నీ మళ్లీ మొదట్నుంచి కూర్చుకునేదాకా ముహూర్తాలు ఆగుతాయా?

ఈ సంగతి విన్న తమ్ముడు, “ఫార్మాట్ ఎందుకక్కా, క్లోన్ చేద్దాం. పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టే కొత్త డిస్కులోకి కాపీ చేయడం. బట్టలు తీయకుండా బీరువాను బీరువాలాగే కొత్తింటికి మోసుకెళ్లినట్టు. పేజ్‌మేకర్, ఫాంట్లు, డెస్క్‌టాప్ మీద వెంకన్న బొమ్మతో సహా ఎక్కడివక్కడే ఉంటాయి” అన్నాడు. ఆ మాటకే సగం టెన్షన్ తగ్గింది.

అలాగని వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాం వేసి డిస్కు ఎలా ఉందో చూపించాడు. నీలం రంగులో ‘గుడ్’ అని ఉండాల్సిన చోట పసుపు రంగులో ‘కాషన్’ (జాగ్రత్త) అని ఉంది. కింద ‘కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్’ అనే వరుస మీద వేలు పెట్టి, “ఇవి డిస్కు చదవలేకపోతున్న చోట్లక్కా. దీన్ని ఎంత తక్కువ కష్టపెడితే అంత మంచిది. కస్టమర్ల ఫైళ్లు ముందు బయటికి తీసేద్దాం, క్లోనింగ్ ఆ తర్వాతే” అన్నాడు. హాస్టల్ నుంచి తన ఎక్స్‌టర్నల్ డిస్కు తెచ్చి మా ఫైళ్లన్నీ అందులోకి దింపాడు. దానికోసం తను దాచుకున్న సినిమాలు తీసేసి చోటు చేశాడని తర్వాత తెలిసింది.

పాతదాని బదులు ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని డిస్కు, కొనే దగ్గర కూడా తన మాటే అక్కరకొచ్చింది. మా పాత డిస్కు 500 జీబీ. నేను అడిగిన చోట 480 జీబీ ఎస్ఎస్‌డీ చూపించి, దాదాపు ఒకటేనమ్మా అన్నారు. తమ్ముడు ఫోన్లోనే వద్దన్నాడు. మొత్తం డిస్కును క్లోన్ చేసేటప్పుడు, మేం వాడబోయే క్లోనెజిల్లా అనే క్లోనింగ్ ప్రోగ్రాం మామూలుగా కొత్త డిస్కు పాతదానికి సమానంగానో, పెద్దదిగానో ఉండాలంటుంది. అందులో నిండింది సగమే అయినా సరే. పార్టిషన్లను (డిస్కులో విడగొట్టిన భాగాలను) కుదిస్తే 480లో పట్టించొచ్చు గానీ, కుదించాలంటే ఆ జబ్బు డిస్కు మీదే ఫైళ్లను అటూ ఇటూ జరపాలి. అందుకని 512 జీబీది తీసుకున్నాం.

క్లోనింగ్ మొదలుపెట్టే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేశాడు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ సగం నిద్రలోనే ఉంటుందట, ఆ స్థితిలో డిస్కును కాపీ చేయకూడదట. మా యూపీఎస్ బ్యాటరీ మీద నమ్మకం లేదని తెలిసి పక్కనున్న జిరాక్స్ షాపు వదిన తన ఇన్వర్టర్ నుంచి వైరు లాగి ఇచ్చింది. మధ్యలో కరెంటు పోతే పని పాడవుతుందని తనే ముందు ఆలోచించింది. వదినా, నీ మేలు మరచిపోను.

పెన్‌డ్రైవ్ నుంచి క్లోనెజిల్లా తెరుచుకుంది. ఏ డిస్కు నుంచి, ఏ డిస్కులోకి అని అడిగే చోట తమ్ముడు చెయ్యి ఆపేశాడు. రెండు డిస్కుల మీదున్న స్టిక్కర్లు నా చేత చదివించాడు. మోడల్ నంబరు నేను ఒక్కో అక్షరం చెబుతుంటే తను తెర మీద చూసి సరిపోల్చుకున్నాడు. “ఇక్కడ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డిస్కు మీద కూర్చుంటుంది అక్కా. తర్వాత చేసేదేమీ ఉండదు. రెండు జతల కళ్లు చూడాలి” అన్నాడు. ఇంజినీరింగ్ చదివే వయసులో అంత నిదానం నేను ఎక్కడా చూడలేదు.

కాపీ మొదట బాగానే సాగింది. తర్వాత వేగం పడిపోయి, చదవలేని చోటు తగిలి ఆగిపోయింది. తమ్ముడు మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ‘రెస్క్యూ’ అనే ఆప్షన్ ఎంచుకున్నాడు. అది చదవలేని చోటు వచ్చినా ఆగకుండా దాటుకుని ముందుకు వెళ్తుంది. ఆ పని అయ్యేదాకా ఇంటికి వెళ్లలేదు. నేను పెట్టిన పెరుగన్నం తిని అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు.

అయిపోయాక పాత డిస్కును పూర్తిగా ఊడదీసి, దాని కేబుళ్లే కొత్తదానికి తగిలించాడు. క్లోన్ చేసిన రెండు డిస్కులకూ గుర్తింపు ఒకటే కావడం వల్ల రెండూ కలిపి ఆన్ చేస్తే విండోస్ తికమక పడుతుందట. ఆన్ అయ్యాక డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిపి, ఖాళీ అయిన చోట్లు ఏవో విండోస్ ఎస్ఎస్‌డీకి చెప్పే ‘ట్రిమ్’ పని చేస్తోందో లేదో చూశాడు. మదర్‌బోర్డు అదే కాబట్టి విండోస్ యాక్టివేషన్ (లైసెన్సు ధ్రువీకరణ) కూడా అడగలేదు. ఒక పాత కరపత్రంలోని ఫొటో మాత్రం తెరుచుకోలేదు, అది ఆ చదవలేని చోటులో ఉన్నట్టుంది.

నేను మాత్రం నేరుగా పెళ్లిపత్రిక ఫైలే తెరిచాను. పైన ‘అవిఘ్నమస్తు’, కింద ‘చి. ల. సౌ. లక్ష్మీ ప్రసన్న’. పెద్దది చేసి ‘క్ష్మీ’ కింద వత్తు, పైన గుడి దీర్ఘం ఉన్నాయో లేదో చూశాను. ఒక్క అక్షరం చెదరలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికే పని మొదలుపెట్టగలుగుతున్నాను. పాత డిస్కు నిమిషానికి 7200 సార్లు తిరుగుతూ, ప్రతి చిన్న ఫైలుకూ లోపలి ముల్లును అక్కడికీ ఇక్కడికీ జరుపుకోవాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ప్రెస్సు నడిపే అన్నకు కూడా నమస్కారాలు. మా కంప్యూటర్ పడకేసినప్పుడు ఆగడానికి వీల్లేని కార్డులు తన దగ్గరే కంపోజ్ చేసి, ప్రింటు వేసి ఆర్టీసీ బస్సులో పంపాడు. కాగితం ఖర్చు తప్ప ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. ఆలస్యమైనా ఆర్డరు వెనక్కి తీసుకోని కస్టమర్లందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

తమ్ముడు డబ్బులు ముట్టలేదు. తన ఫైనలియర్ రిపోర్టు ప్రింటింగు, బైండింగు మాత్రం మా షాపులోనే, అది నా బాధ్యత. క్లోనెజిల్లా ఉన్న పెన్‌డ్రైవ్ మా దగ్గరే వదిలి వెళ్లాడు. అది ఉచిత సాఫ్ట్‌వేర్, ఎవరైనా వాడుకోవచ్చు. మీ షాపులో డిస్కు చప్పుడు చేస్తుంటే ముందు ఫైళ్లు బయటికి తీసి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్ కావాలంటే షాపుకు రండి, తీసుకెళ్లి పని అయ్యాక తెచ్చి ఇవ్వండి.