ఒక్క బ్రౌజర్ కోసం సిస్టమ్ మొత్తం మార్చాలా?

ఎడిటర్ గారికి,

అశోక్‌నగర్‌లో చాలా ఏళ్లుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. కోచింగ్ సెంటర్ల పిల్లలు ఉద్యోగాల దరఖాస్తులకీ, హాల్ టికెట్లకీ మా దగ్గరికే వస్తారు. ఆ మధ్య ఒకమ్మాయి లాస్ట్ డేట్ రోజు సాయంత్రం వచ్చింది. ఫారమ్ అంతా నింపాం, తీరా ఫొటో, సంతకం ఎక్కించే దగ్గర సైట్ ఆగిపోయింది, మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి అని. అప్‌డేట్ నొక్కితే, మీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద కొత్త వెర్షన్ పనిచేయదు అంది. ఆ పిల్ల టెన్షన్ చూడలేక షాపు వదిలేసి నేనే పక్క సందులోని నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను.

మరి సిస్టమ్ ఎందుకు మార్చుకోలేదు అంటారేమో. పోయినేడు రెండో కంప్యూటర్‌కి మార్పించాను. పాత తెలుగు ఫాంట్లలో చేసిన పెళ్లి కార్డు ఫైలు తెరిస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) దొరకలేదు. రెండు రోజులు పని ఆపుకుని మళ్లీ పాతదే వేయించుకున్నాను.

నాకు కావాల్సింది కొత్త బ్రౌజర్ ఒక్కటే. దానికీ, నా ప్రింటర్‌కీ, నా ఫాంట్లకీ ముడి ఎందుకు పెట్టాలి? ఫోన్‌లో చూడండి, ఆండ్రాయిడ్ వెర్షన్ పాతదైనా యాప్‌లు చాలా ఏళ్లపాటు వాటంతట అవే అప్‌డేట్ అవుతుంటాయి.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరిలో ఆగింది, క్రోమ్ 2023 ఫిబ్రవరిలో 110 వెర్షన్ నుంచి దాన్ని వదిలేసింది. ఇంకో బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ మాత్రం 115 ఈఎస్ఆర్ అనే, ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్‌తో ఆ తర్వాత కూడా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తూ వచ్చింది, అంటే మనసుంటే కుదురుతుందనే కదా. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది, నిక్షేపంలా నడుస్తున్న పాత మిషన్లు చాలావాటిలో అది లేదు.

విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లైనక్స్‌లోనూ ఇదే తంటా ఉండేది. అందులో ఒక రకమైన ఉబుంటులో ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్, ఒకటి వేసుకుంటే ఐదేళ్లు కదలకుండా ఉంటుంది, కానీ అందులోని ప్రోగ్రాములు చాలావరకు ఆ రోజు వెర్షన్ల దగ్గరే ఆగిపోతాయి. ఇప్పుడు ఫ్లాట్‌పాక్, స్నాప్ అనే కొత్త ఇన్‌స్టాల్ పద్ధతులు వచ్చాక ప్రోగ్రామ్ తనకు కావాల్సిన లైబ్రరీలను (అది నడవడానికి కావాల్సిన సాయం ఫైళ్లను) వెంట తెచ్చుకుంటోంది, సిస్టమ్ జోలికి వెళ్లదు. డిస్క్‌లో చోటు ఎక్కువ తింటుంది, నిజమే, అయినా రెండు రోజులు షాపు పని ఆగడం కంటే అది నయం.

సిస్టమ్‌ని ఎప్పటికీ మార్చొద్దని నేననడం లేదు. సెక్యూరిటీ ప్యాచ్‌లు తప్పకుండా వేసుకోవాలి. కానీ ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు మార్చుకోవాలో, సిస్టమ్ ఎప్పుడు మార్చుకోవాలో వేర్వేరుగా నిర్ణయించుకునే వీలు మాకు ఉండాలి. దరఖాస్తుల సైట్లు తయారుచేసేవాళ్లకి కూడా ఒక మనవి: పాత బ్రౌజర్‌లో పనిచేయదంటే ఆ ముక్క మొదటి పేజీలోనే చెప్పండి, ఫారమ్ అంతా నింపించాక కాదు.

- ఒక డీటీపీ ఆపరేటర్, అశోక్‌నగర్, హైదరాబాద్