తాబేలుకు పైన కాదు, పక్కన ఉండండి

సంపాదకులకు నమస్కారాలు.

సెలవుల రోజులొచ్చాయంటే పత్రికల పర్యాటక పేజీల్లో ఒకే రకం ఫొటో పదే పదే కనిపిస్తుంది. నీలం నీళ్లు, అడుగున పగడాలు, మధ్యలో సముద్ర తాబేలు, దాని డిప్ప మీద చెయ్యి వేసి కెమెరా వైపు బొటనవేలు ఎత్తి చూపిస్తున్న మనిషి. కింద ‘మరపురాని అనుభవం’ అని వ్యాఖ్య. తాబేలు సంగతి ఎవరూ రాయరు. గైడ్ వెంట స్నార్కెలింగ్‌కు, అంటే కళ్లకు మాస్క్, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ అడుగు చూడటానికి, వెళ్లేవాళ్లు మీ పాఠకుల్లో ఏటికేడు పెరుగుతున్నారు కాబట్టి, ఆ ఫొటోలో తప్పు ఎక్కడుందో, అది జరగకుండా ఏం చేసుకోవాలో రాస్తున్నాను. కాస్త పొడుగు ఉత్తరమే, మన్నించాలి.

తప్పు చెయ్యి వేయడంతో మొదలవదు. మనిషి తాబేలు నెత్తి మీదికి చేరినప్పుడే మొదలవుతుంది. సముద్ర తాబేలుకు మొప్పలు లేవు, మనలాగే ఊపిరితిత్తులు. మేత మేసేటప్పుడు కొద్ది నిమిషాలకోసారి పైకి రాక తప్పదు. పగడపు రాతి కింద కదలకుండా పడుకుంటే గంటల తరబడి ఉండగలదు. అదే బెదిరి ఈదిందంటే ఒంట్లో దాచుకున్న ప్రాణవాయువు చకచకా ఖర్చయిపోతుంది. పైకొచ్చాక అది చేసే పని చూడండి: ముక్కు నీటి మీదికి పెట్టి, బుస్సుమని ఒక్కసారి వదిలి, అంతే వేగంగా పీల్చి, మళ్లీ తల దించేస్తుంది. రెండు మూడు సెకన్లు. ఆ రెండు మూడు సెకన్ల కోసం పైకి లేస్తున్న జీవికి ఎనిమిదిమంది మనుషులు పైకప్పులా అడ్డుపడితే గాలి అందకుండానే వెనక్కి మళ్లుతుంది. నేల తాబేలులా తలా కాళ్లూ డిప్పలోకి ముడుచుకోవడం దీనికి చేతకాదు. పారిపోవడం ఒక్కటే దారి.

అందుకే గైడ్ చెప్పే మొదటి మాట ‘ముట్టుకోవద్దు’ కాకూడదు, ‘పైకి వెళ్లొద్దు’ కావాలి. పక్కన ఉండాలి, కాస్త వెనగ్గా ఉండాలి. ఎదురుగా కాదు. లోతు నీళ్ల వైపు దారి ఎప్పుడూ ఖాళీగా వదలాలి, ఎందుకంటే బెదిరిన తాబేలు అటే పోతుంది. అందరూ దానికి ఒకే పక్కన ఉంటే రెండో పక్క దానిదే.

ఎంత దూరం? హవాయిలో అమెరికా సముద్ర సంస్థ నోవా సూచించేది 10 అడుగులు, అంటే సుమారు 3 మీటర్లు. ఇక్కడ చాలామందికి తెలియని తమాషా ఒకటుంది. మాస్క్ అద్దం గుండా నీళ్లలో చూస్తే వస్తువు అసలు దూరంలో నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, మూడింట ఒక వంతు పెద్దగా కూడా ఉంటుంది. 4 మీటర్ల దూరాన ఉన్న తాబేలు 3 మీటర్లలో ఉన్నట్టు తోస్తుంది. కాబట్టి కంటిని నమ్మినవాడు తెలియకుండానే మర్యాదగా ఉంటాడు. చేటు తెచ్చేది కెమెరా. యాక్షన్ కెమెరాల లెన్సు బాగా వెడల్పు కోణంలో చూస్తుంది, అందులో 3 మీటర్ల దూరంలోని తాబేలు అరచేతిలో ఇమిడే బొమ్మలా కనిపిస్తుంది. ఆ బొమ్మను పెద్దది చేయాలని మనిషి ముందుకు జరుగుతాడు, జరుగుతూనే ఉంటాడు. సెల్ఫీ కర్ర చాపితే ఇంకా ఘోరం: కర్ర చివర తాబేలు కంటి ముందుకు పోతుంది. కెమెరా కావాలంటే వీడియో ఆన్ చేసి, చెయ్యి కదపకుండా, తేలుతూ ఉండటం మేలు. చాలాసార్లు తాబేలే దగ్గరికొస్తుంది. అలా వస్తే తప్పుకోవడానికి తంటాలు పడకుండా కదలకుండా ఉండిపోవాలి.

ఇంకో మాట చెప్తే కొందరికి నచ్చకపోవచ్చు. నీళ్లలో తాబేళ్లను బెదరగొట్టేవాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లేం కాదు. మాస్క్‌లోకి నీళ్లొచ్చినవాళ్లు. నీళ్లు రాగానే మనిషి నిటారుగా లేస్తాడు, కాళ్లు కిందికి వేలాడతాయి, ఫిన్స్, అంటే కాళ్లకు తొడుక్కునే ఈత తెడ్లు, అడుగునున్న ఇసుకను లేపుతాయి, లేదంటే పగడం మీద ఆనుతాయి. వంద ఏళ్లు పెరిగిన పగడం ఒక్క తన్నుకు విరుగుతుంది. అందుకే నా లెక్కలో తాబేలు రక్షణ ఒడ్డున మాస్క్ ఎంచుకునేటప్పుడే మొదలవుతుంది.

మాస్క్‌ను పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి లాగి, చెయ్యి వదిలేయండి. తల వంచినా పడకుండా అతుక్కుని ఉంటే మీకు సరిపోయినట్టే. పడిపోతే ఎక్కడో సందుంది, ఇంకొకటి అడగండి. అతుక్కున్న మాస్క్ కూడా నీళ్లలో కారుతోందంటే మామూలుగా రెండు కారణాలు: నుదుటి మీంచి అంచు కిందికి జారిన వెంట్రుకలు, మగవాళ్లకైతే మీసం. ముక్కు కింద మీసం పైఅంచును సన్నగా గొరిగేసుకుంటే రబ్బరు చర్మానికి ఆనుతుంది. అది ఇష్టం లేకపోతే సిలికాన్ గ్రీజు కొంచెం రాసుకోవచ్చు. పట్టీ చెవుల పైనుంచి, తల వెనక ఎత్తుగా ఉన్నచోటికి పోవాలి. కారుతోందని పట్టీ బిగించడం అందరూ చేసే పొరపాటు. బిగించేకొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతుంది.

ఇక అద్దానికి ఆవిరి. కొత్త మాస్క్ లోపలి అద్దం మీద తయారీలో అంటిన సన్నటి పొర ఉంటుంది, అది పోనిదే ఏం చేసినా మసక పడుతుంది. జెల్ కాని తెల్ల టూత్‌పేస్ట్ వేలితో గట్టిగా రుద్ది కడగాలి, మూడు నాలుగుసార్లు. ఆ తర్వాత దిగే ముందు ప్రతిసారీ ఒక చుక్క బేబీ షాంపూ రాసి, సముద్రపు నీళ్లలో ఒక్కసారి ముంచి తీస్తే చాలు. పదేపదే కడిగితే రాసిందంతా పోతుంది. షాంపూ లేకపోతే ఉమ్మి. అసహ్యమనుకోకండి, గైడ్లంతా చేసేది అదే. ముక్కుతో గాలి వదిలే అలవాటున్నవాళ్లకు మాత్రం ఏం రాసినా మసకే. నోటితోనే పీల్చి నోటితోనే వదలడం నేర్చుకోవాలి.

గొట్టంలోకి నీళ్లు వస్తాయి, అది లోపం కాదు. ‘తూ’ అని ఒక్క ఊపున ఊదితే పోతాయి. ఊదడానికి ఛాతీలో గాలి మిగలాలి కదా, అందుకే పూర్తిగా వదిలేసి ఖాళీగా ఉండకూడదు. ఊదాక తర్వాతి శ్వాస మెల్లగా లాగాలి, మిగిలిన నాలుగు చుక్కలు గొంతులో పడకుండా. గబగబా పైపైన పీలిస్తే గొట్టంలో మిగిలిన పాత గాలే మళ్లీ లోపలికి పోతుంది, ఆయాసం పెరుగుతుంది, ఆయాసంతో కంగారు. మొహమంతా కప్పే మాస్కులు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. వాల్వు సరిగా పట్టకపోతే వదిలిన గాలే అందులో తిరుగుతుంది. కంగారులో నోట్లోని గొట్టాన్ని ఉమ్మేసినట్టు దాన్ని ఉమ్మేయలేం, మొహం మీంచి లాగాలి. అద్దెకిచ్చేచోట అదొక్కటే ఉంటే నేనైతే దిగొద్దనే చెప్తాను. హవాయిలో స్నార్కెలింగ్ మరణాల మీద జరిగిన అధ్యయనం ఇంకో ప్రమాదాన్ని ఎత్తిచూపింది: గొట్టం గుండా గాలి లాగడానికి బలం ఎక్కువ పట్టడం, దానికి శ్రమ తోడవడం వల్ల, ఒక్క గుక్క మింగకపోయినా ఊపిరితిత్తుల్లో నీరు ఊరవచ్చని. కారణం లేకుండా ఆయాసం, నీరసం అనిపిస్తే వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి, చెయ్యెత్తి గైడ్‌ను పిలవాలి. ‘ఇంకాసేపు చూద్దాం’ అనుకోవడానికి అది సమయం కాదు.

లైఫ్ జాకెట్ విషయంలో చిన్న చిక్కుంది. ఫోమ్ జాకెట్ ఛాతీని పైకి నెట్టి మనిషిని నిలువుగా నిలబెడుతుంది, కాళ్లు కిందికి దిగుతాయి. మెడకు తగిలించుకుని నోటితో ఊదే స్నార్కెల్ వెస్ట్ నయం. సగం ఊది పెట్టుకుంటే బోర్లా తేలుతూ హాయిగా చూడొచ్చు. ఈత రానివాళ్లు మాత్రం ఏది దొరికితే అది వేసుకోవాల్సిందే, అక్కడ బేరాల్లేవు. మంచి గైడ్ వెంట ఒక తేలే ట్యూబు లాక్కొస్తాడు, బెరుకున్నవాళ్లు దాన్ని పట్టుకుంటే చాలు, కాళ్లు ఆడించే పనే ఉండదు. ఫిన్స్‌తో తన్నేటప్పుడు కదలిక తొడ నుంచి రావాలి. సైకిలు తొక్కినట్టు మోకాళ్లు ఆడిస్తే ముందుకు పోరు, చప్పుడు మాత్రం తాబేలుకు వినబడేంత.

ఇవన్నీ నడుముల్లోతు నీళ్లలో 20 నిమిషాలు సాధన చేయించకుండా నేరుగా తాబేళ్ల దగ్గరికి తీసుకెళ్లే గైడ్‌తో వెళ్లకండి. డబ్బు కట్టే ముందే అడగండి: ఒక గైడ్‌కు ఎంతమంది? ఆరుగురు దాటితే వెనకున్నవాళ్లు ఏం చేస్తున్నారో ఆయనకు కనిపించదు. ఏ నీటివాలున వెళ్తాం? పోయేటప్పుడు ప్రవాహానికి ఎదురు, అలిసిపోయాక తిరిగొచ్చేటప్పుడు దాని వెంట: ఈ జవాబు తడుముకోకుండా రావాలి. ‘తాబేలు కనిపించకపోతే డబ్బు వాపసు’ అనేవాళ్లను మాత్రం అనుమానించండి. అంత ధీమా ఎక్కణ్నుంచి వస్తుంది? చాలాచోట్ల మేత వేయడం నుంచి.

మేత మాట కాస్త వివరంగా చెప్పాలి. స్నార్కెలింగ్‌లో ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు. పచ్చ తాబేలు పెద్దయ్యాక ప్రధానంగా సముద్రపు గడ్డి, నాచు తింటుంది. హాక్స్‌బిల్‌ది డేగ ముక్కులాంటి మూతి, పగడాల సందుల్లోని స్పాంజీలు దాని ఆహారం. ఇలాంటి జీవికి స్క్విడ్ ముక్కలు, రొట్టె ముక్కలు వేసి అలవాటు చేస్తే అది పడవ చప్పుడు వినగానే పైకి రావడం మొదలుపెడుతుంది. పడవ కింద తిరిగేది ప్రొపెల్లర్. అలవాటు పడ్డ తాబేలు చేతిలో ఏమీ లేకపోయినా వేళ్లు కొరికి చూస్తుంది. పచ్చ తాబేలు దవడ అంచు రంపంలా ఉంటుంది, గడ్డి కోయడానికి.

పడవ వేగం గురించి గట్టి లెక్కలున్నాయి. ఆస్ట్రేలియాలోని మోర్టన్ బేలో పచ్చ తాబేళ్ల మీదికి పడవ నడిపి చూసి 2007లో ప్రచురించిన పరిశోధన ఇది. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పోతే 60 శాతం తాబేళ్లు తప్పుకున్నాయి. 11 కిలోమీటర్లకు 22 శాతం. 19 కిలోమీటర్లకు 4 శాతం మాత్రమే. అంటే తాబేలు తప్పుకుంటుందిలే అన్న ధీమా నడక వేగం దాటితే పనికిరాదు. తాబేళ్లు గడ్డి మేసే తక్కువ లోతు నీళ్లలోకి మీ పడవ దూసుకుపోతుంటే నడిపేవాణ్ని మెల్లగా పొమ్మనే హక్కు మీకుంది.

మీరు చూసే కొద్ది నిమిషాల్లో, దాన్ని ఇబ్బంది పెడుతున్నారా లేదా అన్నదానికి తాబేలు తీరే మీకు సమాధానం చెప్తుంది. మేస్తూ ఉంటే, పడుకుని కళ్లు మూస్తూ తెరుస్తూ ఉంటే, మిమ్మల్ని పట్టించుకోలేదన్నమాట. కొన్నిచోట్ల నీళ్లలో కదలకుండా నిలబడిపోతుంది, చిన్న చేపలు చుట్టూ చేరి డిప్ప మీది నాచు కొరుకుతుంటాయి. అలాంటప్పుడు ఇంకా దూరంగా ఉండాలి, ఎందుకంటే చేపలు చెదిరితే తాబేలు పనీ ఆగిపోతుంది. మేత ఆపి తల ఎత్తిందా, తెడ్డులాంటి ముందు కాలితో మొహం తుడుచుకున్నట్టు చేసిందా, ఉన్నట్టుండి మలుపు తిరిగిందా, చాలు, ఆగిపోవాలి. వెంటపడకూడదు. ఏమీ జరగకపోయినా పది పదిహేను నిమిషాలు మించి ఒకే తాబేలు దగ్గర ఉండకపోవడం మంచిది. మీ తర్వాత ఇంకో పడవ వస్తుంది.

సన్‌స్క్రీన్ సంగతి ముక్తసరిగా. పసిఫిక్ ద్వీపదేశం పలావు 2020 నుంచి, హవాయి 2021 నుంచి పగడాలకు హాని చేస్తాయని భావించే కొన్ని రసాయనాలున్న క్రీములను కట్టడి చేశాయి. హవాయి నిషేధించినవి ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్. వీటికన్నా తేలిక, పొడుగు చేతుల ఈత చొక్కా. బోర్లా తేలేవాళ్లకు కాలేది వీపు, మోకాళ్ల వెనక భాగం, అక్కడే క్రీము రాయడం మరిచిపోతారు.

‘పచ్చ తాబేళ్లు ఇప్పుడు పెరిగాయి కదా’ అనేవాళ్లున్నారు. నిజమే, 2025 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ వాటిని అంతరించే ప్రమాదమున్న జాతుల వర్గం నుంచి తప్పించి తక్కువ ఆందోళన వర్గంలో పెట్టింది. దశాబ్దాల కాపలా ఫలితం అది. హాక్స్‌బిల్ మాత్రం ఇంకా తీవ్ర ప్రమాదపు అంచునే ఉంది, పగడాల మధ్య మీకు ఎదురయ్యేది ఏదో మొదటిసారి దిగినవాళ్లు పోల్చుకోలేరు.

మీకు నా విన్నపం ఒక్కటే. డిప్ప మీద చెయ్యి ఉన్న ఫొటో మీ బల్ల మీదికి వస్తే పక్కన పడేయండి. పక్కనుంచి, 3 మీటర్ల దూరం నుంచి తీసింది దొరికితే అది వేసి, కింద రెండు వాక్యాలు చేర్చండి: తాబేలు గాలికి పైకొస్తుంది, దాని దారిలో ఉండకండి అని.

ఇట్లు,
ఒక స్నార్కెలింగ్ శిక్షకుడు