పాతకార్ల పత్రాలను ఎవరు పరీక్షిస్తున్నారు?

సంపాదకులకు,

బీచ్ రోడ్డులో జరిగిన పాతకార్ల ప్రదర్శనపై గత వారం మీరు వేసిన వార్తలో, బహుమతి పొందిన అంబాసడర్ పక్కన ఫ్రేము కట్టి పెట్టిన 1968 నాటి అమ్మకం రసీదు ఫొటో కూడా ఉంది. ‘అసలు పత్రాలతో సహా భద్రపరిచారు’ అని కింద రాశారు. రసీదు మీద డీలరు చిరునామా చివర ఆరంకెల పిన్‌కోడ్ స్పష్టంగా కనిపిస్తోంది. పిన్‌కోడ్ మన దేశంలో మొదలైందే 1972 ఆగస్టు 15న! న్యాయనిర్ణేతలు గమనించలేదు, విలేకరి గమనించలేదు, మీ డెస్కూ గమనించలేదు. దయచేసి సవరణ వేయండి.

నకలు చేయించుకోవడం తప్పని అనడం లేదు. విశాఖ ఉప్పుగాలికి, చెదలకు అరవై ఏళ్ల కాగితం నిలవడం కష్టం. హ్యాండ్‌బుక్, టైర్లలో గాలి పట్టిక, బానెట్ కింది స్టిక్కర్లు మళ్లీ అచ్చు వేయించుకుంటే కారుకు నిండుదనమే. కాని కాగితం మూల ‘నకలు’ అని, అచ్చయిన సంవత్సరం ఉండాలి. అది లేకుండా టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి పాతదని చూపిస్తే మోసం.

పట్టుకోవడానికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. టైపు మిషను అక్షరం కాగితాన్ని నొక్కుతుంది, వెనకవైపు వేలితో తడిమితే తెలుస్తుంది. లేజర్ ప్రింటరు పొడి పైనే మెరుస్తూ పొరలా ఉండిపోతుంది. రబ్బరు స్టాంపు సిరా కాగితం నారలోకి పాకుతుంది. స్కాన్ చేసి అచ్చేసిన స్టాంపు రంగు చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. నిజంగా పాతబడిన కాగితానికి అంచులు, మడతలు ముందు రంగు మారతాయి. డికాక్షన్ పట్టించిందైతే అంతటా ఒకే గోధుమరంగు. గుండుసూది తుప్పు కింది పేజీలకూ దిగి ఉండాలి. యూవీ (అతినీలలోహిత) దీపం కింద నీలంగా మెరిసే కాగితాన్ని 1930ల నాటిదంటే నమ్మకూడదు, అలా మెరిపించే రసాయనాలు కాగితంలోకి ఆ తరవాతే వచ్చాయి. 1960ల కాగితానికి మాత్రం ఆ పరీక్ష ఒక్కటే చాలదు.

రాతలో ఉన్న విషయం ఇంకా గట్టి సాక్ష్యం. 1957 ఏప్రిల్‌కు ముందు బిల్లుల్లో రూపాయలు, అణాలు, పైలే తప్ప, రూపాయిలో నూరో వంతైన నయాపైసలుండవు. 1989 జులైకి ముందు ఆర్‌సీ (రిజిస్ట్రేషన్) పుస్తకం 1939 మోటారు వాహనాల చట్టం కిందిది. తొలి రిజిస్ట్రేషన్ గడిలో విశాఖ కొత్త కోడ్ ‘ఏపీ 31’ ఉంటే ఆ పుస్తకం ఆ తరవాత తయారైనదే. అంబాసడర్‌కు ఓవర్‌హెడ్ వాల్వ్ (వాల్వులు పైభాగంలో ఉండే) ఇంజిను వచ్చింది 1959లో. 1958 కాగితంలో ఆ ఇంజిను నంబరు ఎలా ఉంటుంది? ఇక కొత్తగా చెక్కించి రివెట్లు కొట్టిన చాసిస్ (బండి చట్రం) నంబరు ప్లేటు దేనికీ రుజువు కాదు. ఇనుము మీద పంచ్ చేసిన అంకెలే చూడాలి. వాటి లోతు, వరస సమంగా ఉన్నాయా, చుట్టూ గ్రైండరు గీతలున్నాయా, పాత దరఖాస్తు మీది పెన్సిల్ ప్రింటుతో (అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు) సరిపోతున్నాయా అన్నది ముఖ్యం.

ఇది బహుమతులతో ఆగే వ్యవహారం కాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి పాతకాలపు (వింటేజ్) బండ్ల కోసం పెట్టిన ‘వీఏ’ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000. అంతా ఆ మొదటి తేదీ మీదే ఆధారపడి ఉంది. ఆ తేదీకి అసలు ఆధారమైన రిజిస్టర్లేమో చాలా రవాణా కార్యాలయాల్లో అటకల మీద చెమ్మపట్టి పడి ఉన్నాయి. యజమాని తెచ్చిన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత బండి వివరాలను ఇప్పుడు కంప్యూటర్లో చేర్చడం) చేసేస్తే, దొంగ తేదీ కంప్యూటరెక్కి ప్రభుత్వ రికార్డైపోతుంది. ఆ తరవాత దాన్ని ఎవరు ప్రశ్నించగలరు? అన్నీ ఆన్‌లైన్ అని చెప్పుకునే శాఖకు పాత పేజీలు స్కాన్ చేయించే తీరిక ఇన్నేళ్లయినా దొరకలేదు.

వచ్చే వానాకాలంలోపు రవాణాశాఖ ఆ పని మొదలుపెట్టాలి. అప్పటిదాకా పాత రిజిస్టరు పేజీతో సరిచూసి అధికారి సంతకం చేస్తే తప్ప, బ్యాక్‌లాగ్ ఎంట్రీతో వచ్చిన ఏ బండికీ ‘వీఏ’ నంబరు ఇవ్వకూడదు.

- ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం