అర్థం కాని పాటకి కాలు కదిపితే తప్పేంటి?

సంపాదకులు గారికి నమస్కారం.

పెళ్లి సంగీత్‌లలో స్పానిష్ పాటలు మోగుతున్నాయంటూ పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ముక్క అర్థం కాని భాష, దానికి మనవాళ్ల గంతులు, అదంతా వట్టి వ్యాపారం అని తేల్చేశారు. వ్యాపారమే, కాదని ఎవరన్నారు? మన సినిమా పాటని మాత్రం గుళ్లో పులిహోరలా ఊరికే పంచుతున్నారా ఏంటి!

నాకు యాభై దగ్గరపడ్డాయి. 'మకరేనా' అనే స్పానిష్ పాట వచ్చినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. మెస్ వరండాలో వరసగా నిలబడి, చేతులు చాచి, తిప్పి, భుజాల మీద, తల వెనక, నడుం మీద పెట్టుకుంటూ ఎగిరేవాళ్లం, వంటాయన గరిటె పట్టుకుని నవ్వుతూ చూస్తుండేవాడు. ఆ పాట పాడినవాళ్లు స్పెయిన్‌లో సెవిల్ దగ్గరి ఊరికి చెందిన ఇద్దరు నడివయసు పెద్దమనుషులని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. 1996లో, అమెరికాలో ఏ పాట ఎంత ఆడుతోందో చెప్పే బిల్‌బోర్డ్ జాబితాలో అది 14 వారాలు మొదటి స్థానంలో ఉంది, కానీ అక్కడ ఆడింది వాళ్లు పాడినట్టుగా ఉన్న పాట కాదు, మయామీవాళ్లు బీట్ మార్చి ఇంగ్లిష్ చరణాలు అతికించిన రీమిక్స్.

2017లో 'డెస్పసీతో' వచ్చింది. పాడిన లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ ఇద్దరూ కరీబియన్ సముద్రంలో అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టోరికో ద్వీపం వాళ్లే. పాట జనవరిలో విడుదలైతే ఏప్రిల్‌లో కెనడా గాయకుడు జస్టిన్ బీబర్ వచ్చి కలిశాక అదే జాబితాలో 16 వారాలు పైన కూర్చుంది. బీబర్ లేకపోతే అంత ఆడేది కాదనే అనుకుంటాను. కాకపోతే ఈసారి ఇంగ్లిష్‌లో పాడే పిల్లాడే పల్లవిని స్పానిష్‌లో పాడాల్సి వచ్చింది, నాకు నచ్చింది అదే. ఆ తర్వాత 2020 డిసెంబర్లో, అదే ద్వీపానికి చెందిన బ్యాడ్ బన్నీ పూర్తిగా స్పానిష్‌లో చేసిన ఆల్బమ్ బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. అంతకు ముందు ఏ స్పానిష్ ఆల్బమూ అక్కడిదాకా వెళ్లలేదు. అమ్మడం కోసం ఆ గాయకులు తమ భాష వదులుకున్నారని మీ వ్యాసం అన్నది, ఈ వరస చూస్తే అమ్మకం పెరిగిన కొద్దీ ఇంగ్లిష్ అవసరమే తగ్గుతూ వచ్చింది.

ఇక 'డెస్పసీతో'లోనూ, బ్యాడ్ బన్నీ పాటల్లోనూ మోగే ఆ దరువు సంగతి. జమైకాలో పుట్టి పనామా మీదుగా ప్యూర్టోరికో చేరిన ఆ బీట్‌ని డెంబో అంటారు. మృదంగం నేర్చుకునే పిల్లాడికి వినిపించండి, 'తకిట తకిట తక' అని టక్కున చెప్పేస్తాడు. ఎనిమిది మాత్రల్ని నాలుగు నాలుగుగా కాకుండా మూడు, మూడు, రెండుగా విరుస్తారు, దెబ్బ మనం అనుకున్నదానికంటే కాస్త ముందే పడుతుంది, అందుకే కాలు ఆగదు. దీనికి నిఘంటువు ఎందుకండీ?

మాయ ఏమీ లేదు, మార్కెట్ కూడా ఉంది. మన సినిమా పక్క రాష్ట్రం వెళ్లాలంటే డబ్బింగ్ కావాలి, స్పానిష్ పాట మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఉన్నదున్నట్టు వెళ్లిపోతుంది. 2020 జనగణన ప్రకారం అమెరికాలోనే హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు 6.2 కోట్ల మంది, వాళ్లలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ స్పానిషే. అంటే చార్టు లెక్కలు కట్టే దేశంలోనే శ్రోతలు ఉన్నారు.

అసలు ఇది బడా కంపెనీలు కూర్చుని వండిన సంగీతం కూడా కాదు. 1995లో ప్యూర్టోరికో పోలీసులు అసభ్యమంటూ షాపుల్లోంచి ఈ దరువు పాటల క్యాసెట్లు పట్టుకెళ్లారు. ముప్ఫయ్యేళ్లు తిరిగేసరికి, 2025లో, బ్యాడ్ బన్నీ వాళ్ల రాజధాని సాన్ హువాన్‌లోనే వరసగా 30కి పైగా కచేరీలు పెట్టాడు. మొదటి తొమ్మిదీ ద్వీపంలో ఉండేవాళ్లకే, మిగతావాటికి ప్రపంచం విమానాలెక్కి అక్కడికి వచ్చింది. దీన్ని కూడా వ్యాపారమనే తిట్టండి, నాకు మాత్రం ముచ్చటేసింది.

మీ వ్యాసంతో ఒక్కచోట ఏకీభవిస్తాను, ఆ కారణం మీరు రాయలేదు గానీ. మా బంధువుల పాప చదివే బడి వార్షికోత్సవంలో రెండో తరగతి పిల్లల చేత 'డెస్పసీతో'కి డాన్స్ చేయించారు. ఆ మాటకి అర్థం 'మెల్లమెల్లగా' అని, ఏది మెల్లగా అన్నది పెద్దవాళ్ల వ్యవహారమని టీచర్లకి తెలియదు, ముందు వరసలో చప్పట్లు కొట్టిన తల్లిదండ్రులకీ తెలియదు. మలేషియాలో ప్రభుత్వ రేడియో 2017లోనే ఆ పాటని ఆపేసింది. నిషేధాలు నాకిష్టం లేదు, పెద్దవాళ్లు హాయిగా ఎగరొచ్చు, నేనూ ఎగురుతాను. కానీ చిన్నపిల్లలకి పాట ఎంచేముందు ఫోన్‌లో ఒక నిమిషం అర్థం వెతికితే ఏం పోతుంది?

మీరైనా ఆ పని చేయండి. ఇన్ని కోట్ల వ్యూస్ అని ప్రతివారం వేసే చోట పాట ఏ ఊరిది, దేని గురించి అని రెండు లైన్లు తెలుగులో వేయండి. వ్యూస్ అంకె కింద చోటు ఎలాగూ ఖాళీగానే ఉంటోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ