గుల్లలు ఏరేవాళ్ళ పేర్లు కూడా రాసుకోండి: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఏడుకొండలతో పాటు సముద్రం కూడా తిరుపతి లెక్కలోకి వచ్చింది. తడ, సూళ్ళూరుపేట, వాకాడు వైపు తీరం, పులికాట్ సరస్సులో చాలా భాగం ఇప్పుడు మీ పరిధిలోనే ఉన్నాయి. కొండకు వచ్చే భక్తుల కోసం రోజూ ఎంత యంత్రాంగం కదులుతుందో అందరికీ తెలుసు. ఈ ఉత్తరం నీళ్ళ వైపు బతికేవాళ్ళ గురించి. వాళ్ళలోనూ పడవ, వల లేక, చేతులతో గుల్లలు, ఆల్చిప్పలు, పీతలు ఏరుకుని పొట్ట పోసుకునేవాళ్ళ గురించి. వీళ్ళలో ఎక్కువ మంది యానాదులు, అందులోనూ ఆడవాళ్ళు.

నేను సూళ్ళూరుపేట ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి రిటైర్ అయ్యాను. సరస్సు ఒడ్డు కాలనీల్లో ఎన్నో కాళ్ళకు కట్లు కట్టాను. విరిగిన గుల్ల అంచు బ్లేడులా కోస్తుంది. బురదలో ఉన్న గుల్ల కంటికి కనిపించదు, కాలికి తగిలాకే తెలుస్తుంది. చెప్పులేసుకుంటే బురద లాగేసుకుంటుంది కాబట్టి అందరూ వట్టికాళ్ళతోనే దిగుతారు. తెగిన చోట పసుపో సున్నమో అద్ది, మర్నాడు మళ్ళీ అదే నీళ్ళలోకి వెళ్తారు. వెచ్చటి ఉప్పునీళ్ళలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. దానిలో కొన్ని రకాలు గాయంలోంచి లోపలికి చేరితే, షుగర్ ఉన్నవాళ్ళకు, లివర్ దెబ్బతిన్నవాళ్ళకు ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. కాలు ఎర్రగా వాచి, జ్వరం వచ్చి, చర్మం మీద నీటి పొక్కులు లేస్తే గంటలు కూడా లెక్కే. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి 'నీళ్ళలో కోసుకుంది' అని చెప్తే దాని అర్థం డాక్టరుకు వెంటనే తట్టాలి. టెటనస్ సూది సంగతి సరేసరి.

కాళ్ళ గాయాలు రోజూ ఉండేవే. నాకు ఎక్కువ టెన్షన్ నీళ్ళ గురించే.

గుల్లలు ఏరుతూ చనిపోవడం అంటే రాళ్ళ తీరాలే గుర్తొస్తాయి. అక్కడ జరిగేది ఇలా ఉంటుంది. రాళ్ళకు అతుక్కున్న ఆల్చిప్పలు నీళ్ళు బాగా వెనక్కి తగ్గితేనే అందుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాటు (నీళ్ళు వెనక్కి తగ్గడం) ఎక్కువగా ఉంటుంది కాబట్టి జనం ఆ రోజుల్లోనే చివరి రాళ్ళ దాకా వెళ్తారు. అలలు అన్నీ ఒక్క ఎత్తున రావు. చాలాసేపు చిన్నవి వచ్చాక, ఎక్కడో దూరాన గాలివానకు పుట్టిన పెద్ద అలలు నాలుగైదు వరసగా వస్తాయి. ఉలి పట్టుకుని సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న మనిషికి అది కనిపించదు. పాచి పట్టిన రాయి మీద కాలు నిలవదు. స్పెయిన్‌లోని గలీసియా తీరంలో పెర్సెబె అనే ఖరీదైన గుల్లజీవిని ఇలాగే రాళ్ళ నుంచి ఒలుస్తారు. అక్కడ లైసెన్సు ఉన్నవాళ్ళే ఏరాలి, రోజుకు ఇన్ని కిలోలే అన్న పరిమితీ ఉంది. దాంతో ప్రమాదాలు ఆగిపోలేదు. కానీ ఆ రాళ్ళ మీదికి వెళ్ళేది ఎవరో ప్రభుత్వానికి పేరుపేరునా తెలుసు.

మన జిల్లా తీరంలో రాళ్ళు లేవు, ఉన్నదంతా ఇసుక, బురద. అందుకని ప్రమాదం లేదనుకోకండి. పులికాట్ చాలా చోట్ల మోకాలు, నడుము లోతే. రాయదొరువు, కొండూరుపాలెం లాంటి ముఖద్వారాల దగ్గర మాత్రం లెక్క మారిపోతుంది. అంత వెడల్పున్న సరస్సు నీళ్ళు పాటు సమయంలో ఆ ఇరుకు దారిలోంచే సముద్రంలోకి పోవాలి. ఆ లాగుడుకు ఈత వచ్చినవాళ్ళూ నిలవలేరు. ఇసుక మేట ఏటా చోటు మారుతుంది, నిరుడు నడిచిన చోట ఈ ఏడు గుంత ఉండొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు కాళంగి నది పొంగినప్పుడు, ఉదయం నడిచి దాటిన పాయను సాయంత్రం దాటలేకపోవచ్చు. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోయేకొద్దీ వాళ్ళు బురదలో ఇంకా దూరం నడవాలి. ఎండదెబ్బ తగిలి పడిపోతే చూసేవాళ్ళుండరు.

పడవ తిరిగి రాకపోతే ఊరంతా వెతుకుతుంది, అధికారులకు ఫోన్లు వెళ్తాయి. బుట్ట పట్టుకుని దిగిన మనిషి చీకటి పడ్డా రాకపోతే ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ వెతకరు. ఆమె వెళ్ళినట్టు ఏ పుస్తకంలోనూ ఉండదు.

2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇంగ్లండ్‌లోని మోర్‌కాంబ్ అఖాతంలో ఇలాంటి ఘోరమే జరిగింది. ఇసుకలో గుల్లలు ఏరడానికి పంపిన చైనా వలస కూలీలు ఇరవైమందికి పైగా పోటు నీళ్ళలో చిక్కి చనిపోయారు. వాళ్ళకు ఆ తీరం తెలియదు, భాష రాదు. ఆ ఏడాదే అక్కడ కూలీలను పనికి పెట్టే మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. మన దగ్గర కూడా గుల్ల కొనేవాళ్ళు ముందే అడ్వాన్సులు ఇస్తారు. అప్పు తీరేదాకా వాన అయినా, ఒంట్లో బాగాలేకపోయినా దిగాల్సిందే. కాబట్టి ఏరేవాళ్ళతో పాటు కొనేవాళ్ళ పేర్లూ రాయించండి. అంతమంది పోయాక చట్టం తెచ్చుకునే గతి మనకు వద్దు.

హెచ్చరికలు లేవని అనను. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, ఉప్పెన అలల గురించి ముందే చెప్తుంది. అవి బోట్ల వాళ్ళకు చేరుతున్నాయి. స్మార్ట్‌ఫోన్ లేని, చదువు రాని కాలనీకి చేరడం లేదు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు ఫలానా హద్దులోకి ఎవరూ రావద్దని తీర గ్రామాలన్నిటికీ కబురు వెళ్తుంది, జనం పాటిస్తారు కూడా. రాకెట్ కోసం నడిచే ఆ ఏర్పాటునే పెద్ద పాటు రోజుల్లో, కాళంగికి వరద వచ్చినప్పుడు కాలనీల దాకా నడిపించమని అడుగుతున్నాను. మైకు కట్టిన ఆటో ఒకటి, గ్రామ సచివాలయం నుంచి ఒక మనిషి, అంతే. కొత్త నిధులు కూడా అక్కర్లేదు.

ఇక బీమా. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది. ప్రమాదంలో చనిపోతే 5 లక్షలు, శాశ్వతంగా పాక్షిక అంగవైకల్యం కలిగితే 2.5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. అయితే జాబితాలో పేరుండాలి. నాకు తెలిసిన కాలనీల్లో గుల్లలు ఏరే ఆడవాళ్ళెవరికీ ఆ బీమా సంగతే తెలియదు. కొందరికి ఆధార్ కార్డే లేదు. మత్స్యశాఖ సిబ్బంది, గిరిజన సంక్షేమ శాఖ వాళ్ళు కలిసి కాలనీల్లోనే క్యాంపు పెట్టాలి. 'పడవ ఉందా' అని అడిగి వెనక్కి పంపకూడదు.

సరస్సు పక్షుల అభయారణ్యం కూడా అయినందువల్ల ఇంకో చిక్కుంది. అడవి శాఖ వాళ్ళు పట్టుకుంటారన్న భయంతో కొందరు తెల్లవారక ముందే చీకట్లో దిగుతారు, దెబ్బ తగిలినా బయటకు చెప్పరు. లారీల్లో గుల్ల తరలించేవాళ్ళను ఆపాల్సిందే. కూరకు, పూట గడవడానికి చేత్తో ఏరుకునేవాళ్ళను ఆ లెక్కలో చూడొద్దని అటవీ అధికారులకు మీరే స్పష్టంగా చెప్పాలి. ఫ్లెమింగో ఫెస్టివల్‌కు ఊరూరా ఫ్లెక్సీలు కడతాం. ఆ పక్షులు వాలే నీళ్ళలోనే వీళ్ళూ బతుకుతున్నారు.

తినేవాళ్ళ సంగతీ ఉంది. ఆల్చిప్పలు నీళ్ళను వడకట్టుకుని బతుకుతాయి కాబట్టి నీళ్ళలోని విషం వాటిలో చేరుతుంది. 1997లో కేరళలోని విళింజంలో ఇలా విషం చేరిన ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు. ఆ విషం ఉడికించినా పోదు. నీళ్ళ రంగు మారినప్పుడైనా పరీక్ష చేయించి, ఫలితాన్ని కాలనీలో తెలుగులో చెప్పించండి.

ఈశాన్య వానలు మొదలయ్యేలోపు మీరు ఒక్కసారి తడ, వాకాడు మండలాల్లో ఏదో ఒక యానాది కాలనీకి రావాలని నా మనవి. తెల్లవారుజామునే రండి, ఎండెక్కితే అందరూ నీళ్ళలో ఉంటారు. మత్స్యశాఖ, వైద్య, అటవీ అధికారులను వెంట తెండి. పేర్లు రాసే పని ఆ రోజే మొదలుపెట్టించండి. ఇంటింటికీ తీసుకెళ్ళి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య కార్యకర్త,
సూళ్ళూరుపేట, తిరుపతి జిల్లా